టీవీ గేమ్ రివ్యూలో జోకులు ఎక్కువైతే మార్కులు నమ్మొచ్చా? (అమెరికా టీవీ షో ఎక్స్‌ప్లే గురించి)

సేవ్‌పాయింట్
ఎక్స్‌ప్లే పాత ఎపిసోడ్లు వరసపెట్టి చూస్తే ఒకటే చిరాకు. రివ్యూ ఉండేదే రెండున్నర నిమిషాలు. అందులో హీరో జుట్టు మీద ఒక జోకు, ప్యాంటు మీద ఇంకోటి, మధ్యలో ఒక స్కిట్టు. కెమెరా ఎలా తిరుగుతుంది, సేవ్ పాయింట్లు (ఆడినంతవరకు దాచుకునే చోట్లు) ఎంత దూరంలో ఉన్నాయి, ఎన్ని గంటల గేము అన్నవి ఒక్క ముక్కలో తేల్చేసి ఆఖర్న 5కి 2 అంటారు. ఆ 2 గేముని చూసి వేసిందా, జోకు పండిందని వేసిందా? డబ్బు పెట్టి కొనేవాడికి ఏ పక్షమూ లేకుండా చెప్పాల్సిన చోట ఈ వెటకారం ఏంటి? నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా.

డల్లాస్_శీను
ఏ ఏడాది ఎపిసోడ్లో ముందు చెప్పు. అది ఒక్క షో కాదు. 1998లో జెడ్‌డీటీవీ ఛానెల్లో (తర్వాత దాని పేరే టెక్‌టీవీ) గేమ్‌స్పాట్ టీవీ పేరుతో మొదలైంది. 2001లో ఎక్స్‌టెండెడ్ ప్లే అయింది. 2003లో మోర్గన్ వెబ్ వచ్చి ఆడమ్ సెస్లర్‌తో జత కలిశాక ఎక్స్‌ప్లే. 2004లో కామ్‌కాస్ట్ కంపెనీ టెక్‌టీవీని కొని తన జీ4 ఛానెల్లో కలిపేసింది. సెస్లర్ 2012లో వెళ్ళిపోయాడు, 2013 మొదట్లో షో ఆగింది. 2021 నవంబరులో మళ్ళీ తెరిచి 2022 అక్టోబరులో ఛానెల్‌తో సహా మూసేశారు. తాగుబోతు లింక్ (జెల్డా గేముల హీరో) లాంటి వేషాలన్నీ 2003 తర్వాతి సరుకు.

సేవ్‌పాయింట్
2004, 2005వి. పీఎస్2 (ప్లేస్టేషన్ 2) కాలం.

బెజవాడ_బటన్స్
నేను ఒప్పుకోను. జోకు వేసేవాడికి ఏది నచ్చలేదో కనీసం తెలిసిపోతుంది. ముఖం బిగించుకుని "గ్రాఫిక్స్ బాగున్నాయి, సంగీతం వినసొంపుగా ఉంది, ఈ తరహా అభిమానులను అలరిస్తుంది" అని చదివేవాడితోనే అసలు ప్రమాదం. ఆ వాక్యాలు ఏ గేముకైనా అతుకుతాయి. ప్రెస్ నోట్ చూసి రాసినా తేడా కనపడదు. ఫలానా బాస్ (లెవెల్ చివర వచ్చే పెద్ద శత్రువు) దగ్గర కెమెరా గోడలో ఇరుక్కుంటుందని జోకు వేయాలంటే ఆ బాస్ దాకా ఆడి తీరాలి కదా.

సేవ్‌పాయింట్
@బెజవాడ_బటన్స్ కెమెరా మీద వేస్తే నాకు గొడవే లేదండి. ప్యాంటు మీద వేస్తేనే.

స్క్రిప్ట్‌రూమ్
టీవీ రివ్యూ ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ చిరాకు అసలు ఎక్కడ పుడుతుందో దొరుకుతుంది.

ఇంగ్లీషు వాయిస్ ఓవర్ సుమారు నిమిషానికి 150 మాటలు. రెండున్నర నిమిషాలంటే 375 మాటలు. అదే గేముకి వెబ్‌సైట్ రివ్యూ అయితే 1200 నుంచి 1500 మాటలు రాసుకునే చోటు ఉంటుంది. అంటే టీవీ రివ్యూ మొదలవ్వకముందే నాలుగింట మూడొంతులు కోసేసినట్టే. ఈ 375లో కథకి ఒక 50, కంట్రోల్స్‌కీ కెమెరాకీ 80, మల్టీప్లేయర్‌కి 40, తీర్పుకి 50 పోతే మిగిలేది 155. ముప్పావు నిమిషం జోకులంటే 110 మాటలు. ఇక 45 మాటల్లో గేము నిడివి, బగ్గులు, లోడింగ్, ధర అన్నీ ఇరికించాలి. ఇరకవు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఎడిటింగ్‌లో ఉంది. స్క్రిప్టు రెండు వరసల్లో రాస్తారు, ఎడమ పక్కన బొమ్మ, కుడి పక్కన మాట. యాంకర్ సెట్‌లో నిలబడి కెమెరాకి చెప్పే ముక్కలు వేరు, గేము బొమ్మ మీద వెనక నుంచి వినిపించే ముక్కలు వేరు. జోకులు ఎక్కువగా మొదటి రకంలోనే ఉంటాయి, ఎందుకంటే ముఖకవళికలు కావాలి. ఎపిసోడ్ 12 సెకన్లు ఎక్కువొచ్చిందనుకోండి. యాంకర్ ముఖం తెర మీద ఉన్న ముక్కని మధ్యలో కోస్తే పెదాలు గెంతుతాయి. స్కిట్టు మధ్యలో కోస్తే అర్థమే పోతుంది. గేము బొమ్మ మీద వాయిస్ ఓవర్‌ని మాత్రం ఎక్కడ కోసినా అతుకు కనపడదు. కాబట్టి కత్తెర ప్రతిసారీ సమాచారం మీదే పడుతుంది. "సేవ్ పాయింట్లు ఇరవై నిమిషాలకొకటి" అన్న వాక్యం ఎగిరిపోతుంది, ప్యాంటు జోకు మిగులుతుంది. ఎవరి పక్షపాతమూ అక్కర్లేదు, ఎడిటింగ్ బల్ల మీద దానంతటదే జరిగిపోతుంది.

పిక్సెల్_పద్మ
@స్క్రిప్ట్‌రూమ్ చాలా బాగా పట్టుకున్నారు. దీనికి మందు ఉందాండీ?

స్క్రిప్ట్‌రూమ్
ఉంది. జోకుని కూడా వాయిస్ ఓవర్‌లోకి దింపి గేము బొమ్మ మీదే వేయడం. అప్పుడు జోకూ సమాచారమూ ఒకే వాక్యం. కెమెరా గోడలో ఇరుక్కున్న నాలుగు సెకన్లు తెర మీద చూపిస్తూ "ఇటుకలు మాత్రం చాలా శ్రద్ధగా గీశారు" అంటే చూసేవాడు నవ్వుతాడు, లోపమూ కళ్ళారా చూస్తాడు. సమయం రెండు సార్లు ఖర్చు కాలేదు.

కోనసీమ_కన్సోల్
ఇటుకల మాట బాగుందండి, దాచుకుంటున్నా.

పిక్సెల్_పద్మ
జోకుల కంటే నాకు ఆ 5 మార్కుల కొలత మీదే ఎక్కువ అభ్యంతరం. అప్పట్లో 1 నుంచి 5, సగం మార్కులు ఇచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ లెక్కలో 3 అంటే ఈ రకం గేములు ఇష్టమైతే ఆడొచ్చు అని. అందరి రివ్యూ మార్కులూ వందకి మార్చి ఒక సగటు చూపించే మెటాక్రిటిక్ సైట్‌కి వెళ్ళేసరికి అదే 3 కాస్తా 60 అయిపోతుంది. అక్కడ గేములకి 75, ఆపైన ఉంటేనే ఆకుపచ్చ, 50 నుంచి 74 పసుపు, అంతకు కింద ఎరుపు. సినిమాలకేమో 61కే ఆకుపచ్చ. అంటే ఒకే సైట్‌లో సినిమాకి 65 మంచి మార్కు, గేముకి 65 సందేహం. పదికి మార్కులేసే పత్రికలు 7 కింద దిగడానికి జంకుతాయి కాబట్టి వాళ్ళ ‘పర్లేదు’ 70 అవుతుంది, వీళ్ళ ‘పర్లేదు’ 60 అవుతుంది. ఒకే అభిప్రాయానికి పది మార్కుల తేడా.

లెక్క చూడండి. ఒక గేముకి 9 రివ్యూలు, సగటు 75. ఆకుపచ్చ. పదోది 5కి 3 వచ్చింది, అంటే 60. 675కి 60 కలిపి పదితో భాగిస్తే 73.5. పసుపు. ఇందులో ఒక్క జోకూ లేదు.

ఫ్రేమ్‌రేట్
చిన్న సవరణ. మెటాక్రిటిక్ సాదా సగటు తీయదు, ఒక్కో ప్రచురణకి ఒక్కో తూకం ఇస్తుంది, ఆ తూకాలు బయటపెట్టదు. కాబట్టి 73.5 అని కచ్చితంగా చెప్పలేం. దిశ మాత్రం నువ్వు చెప్పినట్టే.

ఇవి కాగితం మీది లెక్కలనుకునేవాళ్ళకి ఒకటి. ఫాల్‌అవుట్ న్యూ వెగాస్ గేము చేసిన ఆబ్సిడియన్ స్టూడియోకి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం. 84 దగ్గర ఆగింది. ఆ స్టూడియో డిజైనర్ క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టిన సంగతి. రివ్యూ మార్కు ఇంకొకరి జీతంలో తేడా తెస్తున్నప్పుడు కొలత మీద గొడవ పడటంలో తప్పు లేదు.

పిక్సెల్_పద్మ
తూకం సంగతి నిజమే, మర్చిపోయాను. సెస్లర్ కూడా ఈ మార్పిడి మీదే 2009 జీడీసీలో (గేమ్ డెవలపర్ల సదస్సు) గట్టిగా విరుచుకుపడ్డాడు. మేం 5కి 3 ఇస్తే అది 3, దాన్ని 60 చేయడానికి మీరెవరు అన్న ధోరణిలో.

ఓరుగల్లు_గేమర్
మార్కులు సరే, పైసల ముచ్చట ఎవ్వరు ఎత్తుతలేరేంది? 2007ల గేమ్‌స్పాట్‌ల కేన్ అండ్ లించ్‌కు 6 మార్కులేసిన రివ్యూయర్‌ని తీసేసిన్రు కదా. సైట్ నిండ గదే గేమ్ యాడ్స్ ఉండె. గీ షో కూడ గేమ్‌స్పాట్ టీవీయేనంటే ఇగ నమ్ముడెట్ల?

డల్లాస్_శీను
@ఓరుగల్లు_గేమర్ రెండూ కలిపేయొద్దు తమ్ముడూ. గేమ్‌స్పాట్ పేరు షోకి 2001 దాకే ఉంది. 2007 గొడవ వెబ్‌సైట్‌ది, అప్పటికి షో జీ4లో ఉంది, రెంటికీ సంబంధం లేదు. ఆ గొడవ మాత్రం నిజం. జెఫ్ గెర్స్ట్‌మన్‌ని 2007 నవంబరులో తీసేశారు. నోరు విప్పడానికి వీల్లేని ఒప్పందం వల్ల 2012 దాకా ఏం జరిగిందో చెప్పలేకపోయాడు. ఆ ఏడాది అతని జెయింట్ బాంబ్ సైట్‌ని, అప్పటికి గేమ్‌స్పాట్ యజమాని అయిన సీబీఎస్ కొన్నాకే, ప్రకటనదారుల ఒత్తిడికి అప్పటి యాజమాన్యం తలొగ్గిందని బయటపెట్టాడు.

ఓరుగల్లు_గేమర్
సరే అన్న, గది నా తప్పే. గని జీ4కు యాడ్స్ ఇచ్చేదెవరు? గేమ్ కంపెనీలే గద. వడ్డించేటోడు మనోడైతే కడపంక్తిల కూసున్నా బువ్వ అందుతది.

డల్లాస్_శీను
ఆ అనుమానం సమంజసమే. ప్రకటనల కంటే ఈ3 (ఏటా జరిగే పెద్ద గేముల ప్రదర్శన, ఇప్పుడు లేదు) మీద నాకు ఎక్కువ అనుమానం. జీ4 ఏటా ఈ3ని లైవ్ ఇచ్చేది. రివ్యూ చేసే యాంకర్లే అక్కడ కంపెనీల బూత్‌లలో నిలబడి, ముందుగా చూపించమని అడిగి, డెవలపర్‌ని నవ్వుతూ ఇంటర్వ్యూ చేయాలి. జూన్‌లో బూత్‌లోకి రానివ్వాలి, నవంబరులో అదే గేముకి 2 ఇవ్వాలి. డబ్బు చేతులు మారక్కర్లేదు, రేపు తలుపు తీయరేమో అన్న బెరుకు చాలు.

బెజవాడ_బటన్స్
అందుకే జోకులు కావాలంటున్నా. బూత్‌లో పొగిడి, రివ్యూలో వెటకారం చేయగలిగాడంటే బెరుకు లేదన్నమాట.

క్యాప్చర్‌కార్డ్
@బెజవాడ_బటన్స్ వెటకారం ఎవరి మీద అన్నది చూడాలి. చిన్న కంపెనీ లైసెన్స్ గేముల మీద జోకు వేస్తే అడిగేవాడు లేడు. ఆ వారం పెద్ద గేము మీద ఎన్ని వేశారో లెక్కపెట్టండి. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఎలాగూ చచ్చిన గేముని పొడవడం ధైర్యం కాదు.

ఇంకా బొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. తటస్థత అంటే మాటల్లోనే వెతుకుతున్నాం. తెర మీద కనిపించే బొమ్మ ఎవరు తీసిందన్నదే నాకు మొదటి ప్రశ్న.

రెండు రకాలు. ఒకటి, షో వాళ్ళే ఆడి రికార్డు చేసింది. రెండోది కంపెనీ పంపిన బీ-రోల్, అంటే ప్రచారానికి వాళ్ళే తీసిపెట్టిన బొమ్మ. కంపెనీ బొమ్మలో ఆటగాడు చావడు, ఫ్రేములు తడబడే చోటు కోసేస్తారు, మొదటి రెండు మూడు లెవెళ్ళే ఉంటాయి. గుర్తుపట్టడం తేలికే. తెర మీద ప్రాణం గీత, మ్యాపు, తూటాల లెక్క ఏవీ కనపడకపోతే అనుమానించు. కెమెరా ఆటగాడి వెనక కాకుండా సినిమాలోలా గాల్లో తిరుగుతుంటే అది చాలావరకు బయటి సరుకే. ఒకే పేలుడు ఎపిసోడ్‌లో మూడు సార్లు వచ్చిందంటే వాళ్ళ దగ్గర అంతకు మించి బొమ్మ లేదన్నమాట.

సొంతంగా తీయడంలోనూ తంటాలున్నాయి. పీఎస్2 రోజుల్లో డిస్కు అచ్చవకముందు వచ్చే రివ్యూ కాపీలు మామూలు డీవీడీ-ఆర్ మీద ఉండేవి. అవి ఇంట్లో పీఎస్2లో ఆడవు, సోనీ ఇచ్చే టెస్ట్ కిట్‌లోనే ఆడతాయి. ఆ కాపీ చివరిది కాకపోతే అందులోని బగ్గు దుకాణంలోకొచ్చే డిస్కులో ఉండకపోవచ్చు, అలాగే కొత్త బగ్గు రావచ్చు. పీఎస్3 వచ్చాక ఇంకో తలనొప్పి. హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ (కాపీ చేసుకోకుండా వేసే తాళం) ఎప్పుడూ వేసే ఉంటుంది, మామూలు పీఎస్3 నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా రికార్డు కాదు, నల్ల తెర వస్తుంది. ఆ తాళం లేని పాత కాంపొనెంట్ కేబుల్ వేయాల్సిందే. ఎక్స్‌బాక్స్ 360కి ఆ గోల లేదు. అందుకని రెండిట్లోనూ వచ్చే గేములకి చాలామంది 360 నుంచే బొమ్మ తీసుకునేవాళ్ళు. పీఎస్3 కాపీలో ఫ్రేములు పడిపోతున్నా చూసేవాడికి 360 బొమ్మే కనపడుతుంది. పీఎస్4లో 2014 ఏప్రిల్ నాటి 1.70 అప్‌డేట్‌తో హెచ్‌డీసీపీ ఆపేసే వీలొచ్చాక ఈ బాధ పోయింది.

ఫ్రేమ్‌రేట్
దీనికి ఒకటి కలపాలి. సేవ్‌పాయింట్ చూస్తున్నది యూట్యూబులో. అసలు ప్రసారం 480ఐ, అంటే ఒక్కో ఫ్రేముని సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు (ఫీల్డులు) చేసి పంపే పద్ధతి. సెకనుకి 60కి కాస్త తక్కువ ఫీల్డులు. 60 ఫ్రేముల గేముని పాత టీవీలో చూస్తే ఆ నున్నదనం కనిపించేది. క్యాసెట్టు నుంచి ఎక్కించినవాళ్ళు ఒక్కో జత ఫీల్డులో ఒకటి పారేసి 30 ఫ్రేములు చేస్తారు. అప్పుడు "ఈ గేము వెన్నలా కదులుతుంది" అని యాంకర్ అంటుంటే మనకి కుదుపులే కనపడతాయి, అబద్ధం చెప్పాడనిపిస్తుంది. తప్పు ఎక్కించినవాడిది. అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తే ఫీల్డులు ఇంకా రెండూ ఉన్నట్టు. ఆ ఫైలు దొరికితే ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ బాబ్ మోడ్ (ఒక్కో ఫీల్డునీ ఒక్కో ఫ్రేముగా చూపించేది) పెట్టి చూడు, 60 తిరిగొస్తుంది. గీతలు లేకుండా 30 మాత్రమే ఉంటే పోయింది పోయినట్టే.

సేవ్‌పాయింట్
@ఫ్రేమ్‌రేట్ నేను చూస్తున్నవాటిలో దువ్వెన గీతలున్నాయి. బాబ్ పెట్టి చూస్తా.

కోనసీమ_కన్సోల్
అమెరికా షో ఒక్కటే పట్టుకున్నారు. బ్రిటన్ ఛానెల్ 4లో గేమ్స్‌మాస్టర్ అని వచ్చేదండి, 1992 నుంచి 1998 దాకా. తెర మీద గేమ్స్‌మాస్టర్‌గా కనిపించింది ఖగోళ శాస్త్రవేత్త పాట్రిక్ మూర్. యాంకర్ డొమినిక్ డైమండ్ నోరు తెరిస్తే ద్వంద్వార్థాలే. పిల్లలు చూసే వేళలో అంత కొంటెతనం. కానీ మూడో సీజన్‌కి మెక్‌డొనాల్డ్స్ స్పాన్సర్‌గా వస్తోందని తెలిసి షో వదిలేసిందీ ఆయనే. ఆ ఒక్క సీజన్ డెక్స్టర్ ఫ్లెచర్ చేశాడు, నాలుగో సీజన్‌కి డైమండ్ తిరిగొచ్చాడు. జోకులు వేసేవాడికి పట్టింపులుండవని అనుకునేవాళ్ళు ఇది చూడాలి.

పిక్సెల్_పద్మ
@కోనసీమ_కన్సోల్ ఇది నాకు తెలీదు. అద్భుతం.

ఫ్రేమ్‌రేట్
బ్రిటన్ అంటే పాల్ (అక్కడి పాత టీవీ పద్ధతి) గొడవ కూడా. అమెరికా, జపాన్ మెషీన్లు 60 హెర్ట్జ్, పాల్ మెషీన్లు 50. సరిగా మార్చకుండా దింపిన మెగా డ్రైవ్, సూపర్ నింటెండో గేములు ఆరో వంతు నెమ్మదిగా నడిచేవి, పైనా కిందా నల్ల పట్టీలు. దిగుమతి మెషీన్ మీద ఆడి రివ్యూ చేస్తే చూసినవాడు కొనేది వేరే వేగం గేము. మనదీ పాల్ దేశమే కాబట్టి 60 హెర్ట్జ్ మీద రాసిన రివ్యూ పాల్ మెషీన్ కొన్న ఇక్కడివాళ్ళకీ అలాగే తప్పేది. ఏ మెషీన్, ఏ ప్రాంతం కాపీ అని ఒక్క వాక్యం చెబితే తీరిపోతుంది.

బెజవాడ_బటన్స్
అసలు ప్రకటనలే లేని షో చూడాలంటే ఆస్ట్రేలియా ఏబీసీలో గుడ్ గేమ్. 2006 నుంచి 2016. ప్రభుత్వ ప్రసార సంస్థ, 1983 చట్టం ప్రకారం అక్కడ ప్రకటనలే వేయకూడదు. ఇద్దరు యాంకర్లు పదికి ఎవరి మార్కు వాళ్ళు ఇచ్చేవాళ్ళు, సగటు తీయరు. ఒకరు 9, ఒకరు 6 ఇస్తే అలాగే తెర మీద. జోకులు అక్కడా బోలెడు. తటస్థంగా ఉన్నది జోకు లేకపోవడం వల్ల కాదు.

పిక్సెల్_పద్మ
రెండు మార్కులు విడివిడిగా చూపించడం నాకు నచ్చే పద్ధతి. సగటు 7.5 అంటే ‘పర్లేదు’ అనిపిస్తుంది. 9, 6 అంటే ‘కొందరికి బాగా నచ్చుతుంది, కొందరికి నచ్చదు’ అని అర్థమవుతుంది. రెండూ ఒకటే అంకె, రెండు వేర్వేరు గేములు.

క్యాప్చర్‌కార్డ్
కెనడా వాళ్ళ రివ్యూస్ ఆన్ ద రన్ కూడా ఇద్దరిదే, విక్టర్ లూకస్, టామీ టాలరికో. జీ4లో జడ్జిమెంట్ డే పేరుతో వచ్చింది. చిక్కేంటంటే టాలరికో గేములకి సంగీతం చేసే మనిషి. పొద్దున కంపెనీలకి పని, సాయంత్రం కంపెనీల మీద తీర్పు. అనుభవం ఉన్నవాడు మాట్లాడితే సంగీతం గురించి నాలుగు మంచి ముక్కలొస్తాయి, అదీ నిజమే. కానీ అలాంటప్పుడు ‘ఈ కంపెనీకి నేను పనిచేశాను, చేయలేదు’ అని ప్రతి రివ్యూ మొదట్లో ఒక పట్టీ పడాలి.

ఓరుగల్లు_గేమర్
టీవీల గట్ల జెప్పాలని రూల్ ఉంటదా?

డల్లాస్_శీను
అమెరికాలో ప్రసారానికి డబ్బు తీసుకుంటే తెర మీద చెప్పి తీరాలి. రేడియోలో పాటలకి లంచాల గొడవ తర్వాత 1960లో పాయోలా సవరణలు వచ్చాయి. ఇంతకుముందు ఆ కంపెనీకి పనిచేశాడా అన్నది మాత్రం అందులోకి రాదు, అది షో మర్యాద. యూట్యూబు వచ్చాక అసలు కథ మొదలైంది. 2014లో షాడో ఆఫ్ మోర్డోర్‌కి వార్నర్ బ్రదర్స్ డబ్బిచ్చి యూట్యూబర్లతో వీడియోలు చేయించింది. ఒప్పందంలో బగ్గులు చూపించకూడదు, గేము గురించి మంచే చెప్పాలి. డబ్బు తీసుకున్న సంగతి వీడియో కింద వివరణలో రాశారు, ‘షో మోర్’ నొక్కితేగాని కనపడని చోట. అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ పట్టుకుంది, 2016లో రాజీ కుదిరింది. ఆ వీడియోల మొత్తం వ్యూస్ 55 లక్షల పైన, ఒక్క ప్యూడీపై అన్న యూట్యూబర్‌దే 37 లక్షలు.

బెజవాడ_బటన్స్
అందులో ప్యూడీపై జోకులు వేస్తూనే ఉన్నాడు. అంటే నా వాదన నేనే పోగొట్టుకున్నట్టు. జోకు ఉన్నంత మాత్రాన నిజాయితీ ఉందని చెప్పలేం, ఒప్పుకుంటున్నా. జోకు లేకపోతే ఉందనీ చెప్పలేం, అది మాత్రం వదలను.

స్క్రిప్ట్‌రూమ్
@బెజవాడ_బటన్స్ సరిగ్గా అక్కడికే వస్తున్నా. జోకు లోపమా గుణమా అని వాదించుకునే బదులు ఒక్క రివ్యూ తీసుకుని కొలవొచ్చు. @సేవ్‌పాయింట్ ఇలా చేసి చూడు.

రివ్యూ మొత్తాన్ని వాక్యాలుగా కాగితం మీద దించుకో. 375 మాటలే కాబట్టి అరగంట పని. ఒక్కో వాక్యం పక్కన గుర్తు పెట్టు. ఆడితేగాని తెలియనిది అయితే ఆ. డబ్బా వెనక చదివినా చెప్పగలిగేది అయితే డ. జోకు అయితే జో. ఒకే వాక్యం ఆ, జో రెండూ కావచ్చు, అప్పుడు రెండు గుర్తులూ పెట్టు. అవే మంచి జోకులు.

తర్వాత జో ఒక్కటే ఉన్న వాక్యాలన్నీ కొట్టెయ్. మిగిలిందాన్ని చదివి, అందులోంచి ఆ మార్కు వస్తుందా చూడు. కెమెరా బాలేదు, పోరాటం బాగుంది, ఎనిమిది గంటల గేము అని మిగిలి మార్కు 2 అయితే, ఆ 2కి కారణం తెర మీద చెప్పలేదు. జోకు స్వరమే మార్కుని మోస్తోంది. అలా కాకుండా మిగిలింది చదివినా నువ్వూ 2 ఇస్తావంటే జోకులు ఎంత ఎక్కువున్నా రివ్యూ నిలబడ్డట్టే.

ఇంకోటి. జో వాక్యం ఎవరి మీద పడిందో రాసుకో. గేము మీదా, తీసినవాళ్ళ మీదా, ఆడేవాళ్ళ మీదా. ఆడేవాళ్ళ మీద పడే జోకులే ఎక్కువ హాని చేస్తాయి. జపాన్ ఆర్పీజీ (పాత్రని పెంచుకుంటూ కథలో సాగే గేము) ఇష్టపడేవాడు ఎలా ఉంటాడో చెప్పి నవ్విస్తే, ఆ గేము ఎలా ఉందో చెప్పినట్టు కాదు. పైగా ఆ జానర్ ఇష్టం లేని మనిషికి రివ్యూ అప్పగించారన్న సంగతి బయటపడుతుంది. ఒకే జానర్‌వి నాలుగు, ఇంకో జానర్‌వి నాలుగు కొలిచి పక్కపక్కన పెట్టు. ఒక్క రివ్యూతో ఏదీ తేలదు.

సేవ్‌పాయింట్
ఇది చేస్తాను. ఒక సందేహం. యాంకర్ చదివేదీ రాసేదీ ఒకరేనా? కొలిచాక తప్పు ఎవరిదనుకోవాలి?

స్క్రిప్ట్‌రూమ్
చాలా సార్లు కాదు. వారానికి నాలుగైదు గేములు ఒక్కరు పూర్తిచేయలేరు. ఆడి రాసేది ఒకరు, చదివేది ఇంకొకరు. ఆడినవాడు రాసిన ‘పర్లేదు’ అన్న మాటని చదివేవాడు పెదవి విరిచి చదివితే ‘దండగ’ అని వినపడుతుంది. అందుకే ముందు కాగితం మీద దించుకోమన్నా. స్వరం పోయి మాట మిగులుతుంది.

పిక్సెల్_పద్మ
రివ్యూ ఏ రోజు వచ్చిందో కూడా రాసుకోండి. టీవీ ఎపిసోడ్ ముందే షూట్ అవుతుంది కాబట్టి ముందుగా కాపీ ఇవ్వకపోతే టీవీ వాడే ఎక్కువ నష్టపోతాడు. బెథెస్డా అనే గేమ్ కంపెనీ 2016లో విడుదలకి ఒక్క రోజు ముందే కాపీలిస్తామని ప్రకటించింది. వెబ్‌సైట్ వాడు రాత్రంతా ఆడి పొద్దున రాసేస్తాడు. టీవీలో ఆడి, బొమ్మ తీసి, రాసి, షూట్ చేసి, ఎడిట్ చేసేసరికి వారం. ఆ తొందరలో సగం ఆడి మార్కేస్తారు, ఖాళీలు నింపడానికి జోకులు.

కోనసీమ_కన్సోల్
మన తెలుగు యూట్యూబు రివ్యూలకి ఇవన్నీ వర్తిస్తాయా అండి? మూడు నిమిషాల వీడియో, గేము కాపీ కంపెనీ ఫ్రీగా ఇచ్చింది, డబ్బులివ్వలేదు. చెప్పాలా?

డల్లాస్_శీను
ఇండియా రూల్స్ నాకంటే మీకే తెలియాలి.

పిక్సెల్_పద్మ
చెప్పాలండి. ఏఎస్‌సీఐ (మన ప్రకటనల ప్రమాణాల మండలి) 2021 మార్గదర్శకాల్లో డబ్బే కానక్కర్లేదు, ఉచిత వస్తువు కూడా లెక్కలోకి వస్తుంది. వీడియో 15 సెకన్ల లోపైతే ఆ సంగతి చెప్పే పట్టీ కనీసం 3 సెకన్లు, 2 నిమిషాల లోపైతే నిడివిలో మూడో వంతు, 2 నిమిషాలు దాటితే ఆ వస్తువు గురించి మాట్లాడే భాగం మొత్తం. మీ మూడు నిమిషాల రివ్యూ అంతా ఆ గేము గురించే కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల్లో వివరణ పెట్టెలో రాస్తే చాలదని ఉంది. వీడియోలోనే రాసి చూపించాలి, నోటితోనూ చెప్పాలి, అదీ వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో. లైవ్ అయితే ఆపకుండా కనపడుతూనే ఉండాలి. తప్పుదోవ పట్టించారని తేలితే మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా.

కోనసీమ_కన్సోల్
నోటితో చెప్పేది ఎక్కడ పెట్టాలి? మొదట్లో పెడితే జనం వెళ్ళిపోతారని భయం.

స్క్రిప్ట్‌రూమ్
మొదటి పది సెకన్లలోనే. "ఈ గేము కాపీ కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు, డబ్బు తీసుకోలేదు, స్క్రిప్టు వాళ్ళకి చూపించలేదు." పది పన్నెండు మాటలు, ఐదారు సెకన్ల పని. దాని మీద మాత్రం జోకు వేయకండి. నవ్వుతూ చెబితే అది కూడా వేళాకోళమే అనుకుంటారు. జోకు తర్వాతి వాక్యం నుంచి మొదలుపెట్టండి, గేము బొమ్మ మీద.

ఓరుగల్లు_గేమర్
బొమ్మ నీదే ఉండాలె, కంపెనోళ్ళు పంపింది కాదు. నువ్వు సచ్చిపోయే సీన్ గూడ పెట్టు.

కోనసీమ_కన్సోల్
అవి చాలా ఉన్నాయండి, ఏరుకోవాలి.

సేవ్‌పాయింట్
బాబ్ మోడ్ పనిచేసింది @ఫ్రేమ్‌రేట్, నిజంగానే 60 వచ్చింది. నాలుగు ఆర్పీజీలు, నాలుగు షూటర్లు ఏరుకున్నా, ఆ, డ, జో గుర్తులు పెట్టి ఇక్కడే పెడతా. షూటర్లలో మిలిటరీ గేములే తీసుకోనా, సైన్స్ ఫిక్షన్ కూడా కలపనా?

స్క్రిప్ట్‌రూమ్
కలపొద్దు. ఒకే రకం, ఒకే ఏడాది, ఒకే మెషీన్. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో పట్టుకోలేవు.